తలుపు పద్యానికి మరమ్మతు

దోనేపూడి వీరరాఘవయ్య నలభై ఏళ్ళుగా నాటకాల్లో రాజు వేషం కడుతున్నాడు. ఈ నలభై ఏళ్ళలో ఆయన కింద స్టేజీ కూలింది, కిరీటానికి నిప్పంటుకుంది, ఒక ఊళ్ళో సింహాసనం కింద నుంచి పాము కూడా వచ్చింది. అన్నిటినీ తట్టుకున్నాడు. కానీ బాగా పాడినందుకు సంజాయిషీ అడిగినవాడు మాత్రం అంతవరకూ తగల్లేదు. ఆ ముచ్చట కూడా మొన్న వైశాఖంలో తీరిపోయింది.

రిజిస్టరు పోస్టులో వచ్చిన కవరు చూసి ఆయన ఏదో సన్మానం కాబోలనుకున్నాడు. కళ్ళజోడు దొరక్క, వాకిట్లో బల్ల మీద కూర్చుని హార్మోనియం తిత్తికి అతుకు వేసుకుంటున్న మస్తాన్‌కి అందించాడు. మస్తాన్ ముప్ఫై ఏళ్ళుగా ఆయన పక్కన హార్మోనియం వాయిస్తున్న మనిషి. వీరరాఘవయ్య ఏ రాగం ఎత్తుకోబోతున్నాడో వీరరాఘవయ్యకంటే ముందు అతనికే తెలుస్తుందని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు.

“విషయం: ప్రదర్శనలో పదేపదే మరమ్మతులు జరుగుట, నాణ్యతాలోపము, సంజాయిషీ కోరుట గురించి,” అని చదివి మస్తాన్ ఆగిపోయాడు. “అన్నా, ఇది మనది కాదే. ఏ పంపుసెట్ల షాపుకి రావాల్సిందో ఇక్కడికొచ్చింది.”

“పేరెవరిదుంది?”

“పేరు మటుకు నీదే.”

“అయితే కానియ్.”

మస్తాన్ గొంతు సవరించుకుని మళ్ళీ అందుకున్నాడు. “గత పదకొండవ తేదీన పురమందిరమందు జిల్లా రంగకళా వికాస మండలి ఆధ్వర్యమున ప్రదర్శింపబడిన ‘రత్నధ్వజ విజయం’ నాటకములో, తలుపు పద్యము తమరిచే ఒకమారు పాడబడిన మీదట, ప్రేక్షకులు సదరు పద్యమును తిరిగి పాడవలసినదిగా బిగ్గరగా కోరియున్నారు. రెండవమారు పాడిన మీదట కూడ సంతృప్తి చెందక మూడవమారు, నాలుగవమారు పాడించియున్నారు. ఒకే పనిని నాలుగుమార్లు చేయవలసివచ్చుట సదరు పని నాసిరకముగా జరిగినదని రుజువు చేయుచున్నది. కావున తమ ‘ఎ’ గ్రేడును ‘సి’ గ్రేడునకు ఏల తగ్గించరాదో ఏడు దినములలో తెలుపవలెను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వొచ్చింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత మస్తాన్ కాగితం కింద ఉన్న గుండ్రటి సీలు చూపించాడు. అప్పుడు నవ్వు ఆగింది.

పద్యనాటకాలు చూడని అదృష్టవంతులో దురదృష్టవంతులో ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. నటుడు పద్యం పాడి రాగం తీసి ఆపగానే, జనానికి ప్రాణం లేచొస్తే ‘వన్స్‌మోర్’ అని కేకేస్తారు. ఇంగ్లీషు ముక్క ఒక్కటీ రాని ముసలమ్మలు కూడా ఈ ముక్క అరుస్తారు. అప్పుడు నటుడు దణ్ణం పెట్టి ఆ పద్యమే మళ్ళీ పాడతాడు. దానికి ఎవరూ అదనంగా ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. తాతల నాటి నుంచీ నడుస్తున్న పద్ధతి.

ఇక తలుపు పద్యం సంగతి. రాజ్యం పోగొట్టుకుని అడవులు పట్టిన రత్నధ్వజ మహారాజు పన్నెండేళ్ళకి తన కోటకే తిరిగొచ్చి, తనని గుర్తుపట్టని కాపలావాణ్ణి తలుపు తియ్యమని అడుగుతాడు. ఉన్నవి నాలుగు పాదాలు. ‘ఈ తలుపు నేను చేయించినదే’ అనే మూడో పాదం దగ్గర వీరరాఘవయ్య రాగం ఎత్తుకుంటే మనిషి కోటగోడ ఎక్కి దిగి వచ్చినంతసేపు తీస్తాడు. ఆడవాళ్ళు కొంగులు తడుపుకుంటారు. మగవాళ్ళు తలగుడ్డలు గాల్లోకి విసురుతారు, తర్వాత ఎవరి గుడ్డ ఎవరిదో తెలీక తిట్టుకుంటారు.

మండలికి కొత్తగా వచ్చిన కార్యనిర్వహణాధికారి చిదానందమూర్తిగారు అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు రోడ్లూ కల్వర్టులూ వేయించి వచ్చాడు. జన్మలో మొదటిసారి నాటకం చూడడం ఆ పదకొండో తేదీనే. ముందు వరసలో నోటు పుస్తకం పెట్టుకుని చూశాడు. పైగా ఆ ఏడు మండలి వారు ‘కళల్లో నాణ్యతా సంవత్సరం’ జరుపుతున్నారు. ఆయన అనుభవంలో రోడ్డు బాగుంటే జనం దాని మీద నోరు మూసుకుని నడిచిపోతారు. మళ్ళీ వెయ్యమని అరిచారంటే గుంటలు పడ్డాయన్న మాట. నాలుగుసార్లు వెయ్యమన్నారంటే ఆ కాంట్రాక్టరుని జైల్లో పెట్టించాలన్న మాట.

నవ్వి ఊరుకుందామంటే కుదరదు. జిల్లాలో ఏ గుడి తిరనాళ్ళయినా, ఏ ఊరి కమిటీ అయినా మండలి జాబితా చూసే నాటకం పిలుస్తుంది. అందులో ‘ఎ’ గ్రేడు వాళ్ళు రాజు వేషాలకి అర్హులు. ‘బి’ వాళ్ళు మంత్రులకీ మునులకీ. ‘సి’ గ్రేడు వాళ్ళు బల్లెం పట్టుకుని నిలబడే భటుల వేషాలకి మాత్రమే. అంటే సంతకం ఒకటి పడితే వీరరాఘవయ్య తలుపుకి అవతలివైపు నిలబడాలి. అరవై మూడేళ్ళ వయసులో కిరీటం దించి బల్లెం పట్టాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకి అన్నం సయించలేదు.

మర్నాడే మస్తాన్‌ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

“కూర్చోండి,” అన్నాడు చిదానందమూర్తిగారు ఎంతో మర్యాదగా. “తమరి మీద వ్యక్తిగతంగా నాకు ఎటువంటి దురభిప్రాయమూ లేదు. లోపం ఎక్కడున్నదో నిర్ధారించి తగు చర్య గైకొనడమే మండలి ధ్యేయం.”

“వన్స్‌మోరంటే బాగుందని బాబూ. లోపమని కాదు.”

“బాగుంటే బాగుందని అనవచ్చు కదా. మళ్ళీ చెయ్యమనడం దేనికి? మా ఇంట్లో కాఫీ బాగా లేకపోతేనే మళ్ళీ కలిపి తెమ్మంటాను.”

“బాగుంటే రెండో కప్పు అడగరా?”

చిదానందమూర్తిగారు ఆలోచనలో పడ్డాడు. ఆయన మూర్ఖుడు కాడు. మూర్ఖుడైతే ఎక్కడో ఒకచోట ఆగేవాడు. ఈయన తెలివైనవాడు, అందుకని చివరిదాకా వెళ్ళాడు.

“సరే. రెండో కప్పు అనే అనుకుందాం. హోటల్లో రెండో కప్పుకి డబ్బు పుచ్చుకుంటారా, పుచ్చుకోరా?”

“పుచ్చుకుంటారు.”

“మరి తమరు రెండో పాటకి, మూడో పాటకి, నాలుగో పాటకి ఫీజు పుచ్చుకున్నారా?”

“రామ రామ. అదేం మాట బాబూ. వన్స్‌మోరుకి డబ్బేంటి? ఊరికే పాడాను,” అన్నాడు వీరరాఘవయ్య, ఛాతీ కాస్త విరుచుకుని.

చిదానందమూర్తిగారి మొహం వెలిగిపోయింది. పెన్ను తీసి ‘ఉచితముగా పాడినట్లు అంగీకరించినారు’ అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.

“ఊరికే ఎవరు చేస్తారండీ? రోడ్డు వేసిన ఏడాదిలో గుంట పడితే కాంట్రాక్టరు ఊరికే పూడుస్తాడు. ఎందుకని? తప్పు తనది కనక. తప్పు లేనివాడు ఒక్క తట్ట కంకర కూడా ఊరికే పొయ్యడు. ఇరవై ఆరేళ్ళలో నేను చూడలేదు.”

వెనక నిలబడ్డ మస్తాన్‌కి ఒళ్ళు మండింది. “అయితే సార్, ఆ మూడుసార్లకీ ఫీజు ఇప్పించండి. తీసుకుంటాం. అప్పుడు తప్పు లేనట్టేగా?”

“మంజూరు లేని పనికి ఫీజా?” చిదానందమూర్తిగారు కుర్చీలో వెనక్కి వాలాడు. “ఆర్డరు ఒక్క పద్యానికి. తమరు నాలుగు సరఫరా చేసి బిల్లు పెడతానంటున్నారు. అది నాసిరకం కంటే పెద్ద నేరం.”

“మేం పెట్టలేదు సార్. జనం అడిగారు.”

“జనానికి ఆర్డరు ఇచ్చే అధికారం ఎక్కడిది? జనం కేవలం ప్రేక్షకులు.”

వీరరాఘవయ్యకి తల తిరిగింది. ఊరికే పాడితే తప్పు ఒప్పుకున్నట్టు, డబ్బు పుచ్చుకుంటే దొంగతనం చేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. “మరి నన్నేం చెయ్యమంటారు బాబూ?” అన్నాడు.

“మొదటిసారే సరిగ్గా పాడి ఉండవలసింది,” అన్నాడు చిదానందమూర్తిగారు నిజంగా జాలిపడుతూ.

అంతటితో వదిలిపెడితే ఆయన గొప్పతనం ఏముంది? ముగ్గురు సభ్యులతో సాంకేతిక పరిశీలక సంఘం వేశాడు. ఇద్దరు ఆయనతో పాటు కల్వర్టులు వేయించినవాళ్ళు, మూడో ఆయన సిమెంటు పరీక్షించే లెక్చరరు. వాళ్ళు పద్యం రికార్డు తెప్పించుకుని, తలుపులేసుకుని, స్టాప్‌వాచీ పెట్టుకుని విన్నారు. నాలుగో రోజున వీరరాఘవయ్యనీ మస్తాన్‌నీ పిలిపించి నివేదిక ఇచ్చారు.

“పద్యము మొత్తం నిడివి ఆరు నిమిషములు,” అని చదివాడు లెక్చరరు. “ఇందు మాటలు గల భాగము రెండు నిమిషములు. తక్కిన నాలుగు నిమిషములును ‘ఆ’ అను ఒకే అక్షరముచే నింపబడినవి. సదరు ‘ఆ’ మూలప్రతిలో లేదు. ఇది నింపుడు సరుకుగా భావించనైనది. నింపుడు సరుకు ఎక్కువైనచోటనే పని బలహీనపడును. ప్రేక్షకుల ఆందోళన కూడ సరిగ్గా అచ్చటనే ప్రారంభమైనది.”

“అది రాగం నాయనా,” అన్నాడు వీరరాఘవయ్య.

“పది సెకండ్లకు మించరాదు,” అన్నాడు లెక్చరరు.

నలభై ఏళ్ళ సాధనని నింపుడు సరుకన్నవాణ్ణి ఏం చేసినా పాపం లేదనిపించింది వీరరాఘవయ్యకి. మస్తాన్ ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఆ వారంలోనే జిల్లాలోని నాటక సమాజాలన్నిటికీ సర్క్యులర్ వెళ్ళింది. ‘ఏ పద్యమునకు వన్స్‌మోరు రాదో అది దోషరహితము. ఒకటి వచ్చిన దోషము, మూడు వచ్చిన గ్రేడు తగ్గింపు.’ దాంతో నాటకాల తీరే మారిపోయింది. ఒక నటుడంటే ప్రాణం పెట్టేవాళ్ళు నోట్లో తువ్వాళ్ళు కుక్కుకుని కూర్చోవడం మొదలెట్టారు. గిట్టనివాళ్ళు టిక్కెట్టు కొనుక్కొచ్చి మరీ వన్స్‌మోర్లు కొట్టారు. ఒక పల్లెటూరి నారదుడు ఇరవై ఏళ్ళలో ఒక్క వన్స్‌మోరూ ఎరగడు, పగవాళ్ళ దయవల్ల ఒకే సాయంత్రం ఐదొచ్చాయి. ఆయన మండలి పంపిన నోటీసుకి ఫ్రేము కట్టించి నడవలో తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ ‘ప్రభుత్వమే ఒప్పుకుంది’ అని చూపించేవాడు.

వీటన్నిటి మధ్యా వెలుగులోకొచ్చిన మహానటుడు కొల్లిపర ధనుంజయరావు. స్థలాల వ్యాపారం, రెండు కార్లు, సొంత కిరీటం ఉన్నాయి. ఆయన ఫీజు పుచ్చుకునే రకం కాదు, ఎదురిచ్చి వేషం కొనుక్కునే రకం. రాజు వేషానికి ఇంత, రాజు పక్కన మంత్రి నోరెత్తకుండా ఉండడానికి ఇంత అని రేట్లు మాట్లాడుకుని ఎక్కుతాడు. పన్నెండేళ్ళలో ఆయనకి ఒక్క వన్స్‌మోరూ రాలేదు. రికార్డులు తిరగేసిన చిదానందమూర్తిగారికి ఈ సంగతి తెలిసి ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ ఇంత నాణ్యమైన మనిషిని ఎవరూ గుర్తించలేదే అని బాధపడ్డాడు.

ధనుంజయరావు నాటకం చూడడానికి చిదానందమూర్తిగారే స్వయంగా వెళ్ళాడు. మూడొందల మందితో మొదలైన హాల్లో రెండో అంకానికి పదకొండు మంది మిగిలారు. అందులో తొమ్మండుగురు నిద్రపోతున్నారు. పద్యం తర్వాత పద్యం నిశ్శబ్దంగా దొర్లిపోయింది. చిదానందమూర్తిగారు నోటు పుస్తకంలో ‘ఫిర్యాదులు: లేవు’ అని రాసుకుంటూ పోయాడు.

“ప్రజలు ఎంత నిశ్చింతగా ఉన్నారో గమనించారా?” అన్నాడు పక్కనున్న లెక్చరరుతో, గురక పెడుతున్న వరసని చూపిస్తూ.

ఆ నెలాఖరున జరిగే జిల్లా ఉత్సవంలో ‘రత్నధ్వజ విజయం’ మళ్ళీ వెయ్యాలని ముందే అనుకున్నారు. రాజు వేషం ధనుంజయరావుకి ఇస్తున్నట్టు మౌఖికంగా చెప్పేశారు. అయితే చిదానందమూర్తిగారు రూల్సు తెలిసిన మనిషి గనక, వీరరాఘవయ్యకి చివరి అవకాశం ఒకటి ఇచ్చాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి పునఃపరీక్షా ప్రదర్శన. తలుపు పద్యం అయ్యాక మూడు నిమిషాలు పరిశీలనా కాలం. ఆ మూడు నిమిషాల్లో వన్స్‌మోరు రాకపోతే ‘ఎ’ గ్రేడూ, ఉత్సవంలో రాజు వేషమూ. వస్తే ‘సి’ గ్రేడూ, బల్లెమూ.

శనివారమంతా మస్తాన్ సైకిలేసుకుని ఊరంతా తిరిగాడు. నాటకం పిచ్చివాళ్ళ ఇళ్ళన్నీ అతనికి తెలుసు. గడప గడపకీ వెళ్ళి నోరెత్తొద్దని బతిమాలాడు. ఆఖరికి చేపల మార్కెట్‌లో ఆదెమ్మ దగ్గరికొచ్చాడు. ఎండుచేపలు అమ్ముకునే ఆదెమ్మ ఏ నాటకానికైనా అందరికంటే ముందొచ్చి చాప వేసుకుంటుంది. మొదటి వన్స్‌మోరు ఎప్పుడూ ఆమెదే. ఆమె గొంతు లేస్తే తప్ప తక్కినవాళ్ళకి ధైర్యం రాదు.

“పిన్నీ, ఈ ఒక్క ఆదివారం నోరు కట్టేసుకో. అన్న కిరీటం నీ నోట్లో ఉంది,” అన్నాడు మస్తాన్.

“నాటకానికి రమ్మంటన్నావా, శవం కాడికి రమ్మంటన్నావా?” అంది ఆదెమ్మ, తక్కెడ కింద పెట్టి. “పాట బాగుండాక నోరు మూసుకోమంటం ఏందయ్యా? అన్నం బాగుండాది గానీ మింగబాకమన్నట్టుండాది.”

“నిజమే పిన్నీ. ఏం చేస్తాం, వాళ్ళ రూలు.”

“ఆ రూలు పెట్టినోడికి చెవులుండాయా?”

“ఉన్నాయి. కళ్ళజోడు తగిలించుకోడానికి.”

ఆదెమ్మ తక్కెడ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “సరేలే, నోట్లో కొంగు కుక్కుకుంటా. రాకుండా మటుకు ఉండను,” అంది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. రంగు వేసుకుంటున్న వీరరాఘవయ్య పక్కన మస్తాన్ చతికిలబడ్డాడు.

“అన్నా, ఒక మాట చెబుతా, తిట్టబాక. వాళ్ళు నోరు మూసుకున్నా నువ్వు బాగా పాడితే ఎవడో ఒకడు జారతాడు. ఈ పూటకి రాగం వద్దు. మాటలు అప్పజెప్పి దిగొచ్చెయ్.”

వీరరాఘవయ్య అద్దంలో మీసం దిద్దుకున్నాడు. తర్వాత “సరే,” అన్నాడు. “కిరీటం ఉంటే రేపు పాడుకోవచ్చు. అది పోతే ఏముంది?” ఆ మాట అనడానికి ఆయనకి సిగ్గేసింది, కానీ అన్నాడు.

తలుపు పద్యం వచ్చింది. మొదటి పాదం కిరాణా కొట్టు పట్టీ చదివినట్టు చదివేశాడు. రెండో పాదం ఇంకా అన్యాయం. ముందు వరసలో చిదానందమూర్తిగారు మెచ్చుకోలుగా తలూపాడు. చాపల మీద జనం తలలు దించుకున్నారు. ఆయన పాడలేక కాదు, కావాలనే పాడడం లేదని తెలిసి.

మూడో పాదం దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు ఆయన మాట వినలేదు. ఈ తలుపు నేను చేయించినదే అనగానే నలభై ఏళ్ళ అలవాటు ఒక్కసారిగా పైకి లేచింది. రాగం అందుకున్నాడు. వద్దన్న మస్తాన్ వేళ్ళు అప్పటికే ఆ రాగం మీదే ఉన్నాయి. ఇక ఎవరూ ఆపలేకపోయారు. నాలుగు నిమిషాలన్నది ఏడు నిమిషాలైంది. జీవితంలో అంత బాగా ఆయన ఎప్పుడూ పాడలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

పద్యం అయిపోయింది. హాల్లో చప్పుడు లేదు.

నాలుగొందల మంది నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఎవరి తువ్వాలు వాళ్ళ నోట్లో ఉంది. ఆదెమ్మ కొంగు సగం లోపలికి పోయింది, బుగ్గలు ఉబ్బాయి, కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. స్తంభం దగ్గర ఒకాయన తన నోటికి తోడు పక్కవాడి నోరు కూడా మూసి పట్టుకున్నాడు. చిదానందమూర్తిగారు వాచీ చూసుకుంటున్నాడు. ఒక నిమిషం అయింది.

వీరరాఘవయ్య దీపాల కింద నిలబడే ఉన్నాడు. ఈ మనుషులు తనని కాపాడడానికే నోరు కట్టుకున్నారని ఆయనకి తెలుసు. ఇంకాసేపు ఓపిక పడితే కిరీటం తనదేనని కూడా తెలుసు. తెలిసినా ఎవరో ఒకరు అరిస్తే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది. నలభై ఏళ్ళుగా తను పాడిందంతా ఆ ఒక్క కేక కోసమేనని, ఫీజు ఇంటికి బియ్యం తెచ్చిందే గానీ మర్నాడు మళ్ళీ రంగు పూసుకునే బలం తేలేదని అప్పుడు తెలిసింది. రెండు నిమిషాలయ్యాయి. ఏడుపొచ్చింది.

చిదానందమూర్తిగారు సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని లేచాడు. “ఇంకా ఇరవై సెకండ్లు ఉన్నప్పటికీ, ప్రేక్షకుల పరిపూర్ణ ఉదాసీనతను దృష్టిలో ఉంచుకుని...”

“ఒక్క నిమిషం బాబూ,” అన్నాడు వీరరాఘవయ్య. మైకు దగ్గరికొచ్చి జనానికి దణ్ణం పెట్టాడు. “ఇన్నేళ్ళూ మీరడిగారు, నేను పాడాను. ఇవాళ నా కోసం నోళ్ళు కట్టుకున్నారు, మీ రుణం తీర్చుకోలేను. అందుకని ఇవాళ నేనే అడుగుతున్నాను. అమ్మా, అయ్యా, వన్స్‌మోర్. నన్ను మళ్ళీ పాడనివ్వండి.”

ఆదెమ్మ నోట్లోంచి కొంగు ఊడిపడింది. ఆ తర్వాత ఏం జరిగిందో హాలు పైకప్పుకి తెలుసు. తువ్వాళ్ళన్నీ గాల్లోకి లేచాయి. చిదానందమూర్తిగారు “సరఫరాదారు తన సరుకు మీద తానే ఫిర్యాదు చేసుకోవడానికి రూల్సులో వీలు లేదు” అని అరుస్తూనే ఉన్నాడు. ఆయన మాట ఆయన చెవికే వినపడలేదు. ఆ సాయంత్రం తలుపు పద్యం ఆరుసార్లు అయింది. ఆరోసారికి మస్తాన్ హార్మోనియం తిత్తి అతుకు ఊడిపోయింది.

సోమవారం ఉదయానికి వీరరాఘవయ్య ‘సి’ గ్రేడు కళాకారుడు.

ఉత్సవంలో ధనుంజయరావు రత్నధ్వజ మహారాజు. వీరరాఘవయ్య తలుపు దగ్గర కాపలావాడు. మానేస్తాడని అందరూ అనుకున్నారు. మస్తాన్ కూడా మానెయ్యమనే చెప్పాడు. ఆయన వినలేదు. బల్లెం పట్టుకుని, గుడ్డ తలపాగా చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కాపలావాడికి నాటకం మొత్తం మీద ఒకటే మాట. రాజు తలుపు తట్టగానే లోపలి నుంచి ‘ఎవరక్కడ’ అనాలి. అప్పుడు రాజు పద్యం ఎత్తుకుంటాడు.

ఉత్సవానికి ఎప్పుడూ రానంత జనం వచ్చారు. ధనుంజయరావు కొత్త పట్టుబట్టల్లో వచ్చి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని తలుపు తట్టాడు.

వీరరాఘవయ్య బల్లెం నేలకి ఆనించి, తల కొంచెం ఎత్తి, పన్నెండేళ్ళుగా ఎవరి కోసమో ఎదురుచూస్తున్నవాడిలా అన్నాడు.

“ఎవరక్కడ?”

“వన్స్‌మోర్,” అంది ఆదెమ్మ.

ఆ వెనక హాలు హాలంతా అంది. వీరరాఘవయ్య దణ్ణం పెట్టి మళ్ళీ అన్నాడు. జనం మళ్ళీ అడిగారు. మూడోసారికి కోపంగా అన్నాడు, నాలుగోసారికి భయంగా, ఐదోసారికి గొంతులో కాస్త రాగం కలిపి. తొమ్మిదోసారికి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తలుపు బయట ధనుంజయరావు పీల్చుకున్న ఊపిరి మూడుసార్లు వదిలి మూడుసార్లు పీల్చుకున్నాడు. ఆయనకి నోరు విప్పే సందు దొరకలేదు.

చిదానందమూర్తిగారు గ్రేడుల పుస్తకం తెరిచాడు. ‘సి’ తర్వాత పేజీ ఖాళీగా ఉంది. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. ఇంత కంటే కింద వేషం లేదు, ఇంత కంటే కింద గ్రేడు లేదు, ఈ మనిషిని ఇంకెక్కడికీ దించడానికి లేదు. ఫారం తీసుకుని పరుగెత్తుకుంటూ తెర పక్కకి వచ్చాడు.

“ఏమండీ, ఆగండి. మంజూరైనది ఒక్కసారి. తక్కినవి ఉచితమా, ఫీజా? ఇప్పుడే తేల్చి చెప్పాలి. నేను అధికార హోదాలో అడుగుతున్నాను.”

వీరరాఘవయ్య వేషంలోనే మెల్లగా ఆయన వైపు తిరిగాడు. బల్లెం రెండు చేతులా పట్టుకుని ఆయన్ని కింద నుంచి పైదాకా ఓసారి చూశాడు.

“ఎవరక్కడ?” అన్నాడు.